రీల్‌లో నిమిషం.. అసలు పని నెల రోజులు! సిరామిక్ చిన్న రోలు ఎలా తయారవుతుందో తెలుసా? కొనేముందు ఇవి తప్పక చూడండి

ఫోన్ తెరిస్తే చాలు.. తిరిగే చక్రం, దాని మీద మట్టి ముద్ద, రెండు చేతులు. నిమిషం తిరక్కుండానే అందమైన చిన్న రోలు రెడీ! చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఆ వీడియోలో కనిపించేది మొత్తం పనిలో చిన్న ముక్క మాత్రమే. చక్రం దిగిన ఆ రోలు మన వంటింట్లో వెల్లుల్లి దంచడానికి పనికిరావాలంటే దాదాపు నెల రోజులు పడుతుంది. రెండుసార్లు నిప్పుల్లోకి వెళ్లి రావాలి. మధ్యలో ఎక్కడ తొందరపడినా పగిలిపోతుంది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. రోలు మీద పూసే మెరుపు పూత సరైనది కాకపోతే అందులోని విష పదార్థాలు చింతపండు పులుపుతో కలిసి మన పచ్చడిలోకే వచ్చేస్తాయి. అందుకే చేసేవాళ్లకే కాదు, కొనేవాళ్లకు కూడా ఈ తయారీ గురించి కాస్త తెలిసి ఉండాలి. మరి సిరామిక్ రోలు ఎలా చేస్తారు? ఏ మట్టి వాడతారు? మంచిదో కాదో ఇంట్లోనే ఎలా తెలుసుకోవచ్చు? ఒక్కొక్కటిగా చూద్దాం.

రాతి రోలు ఉండగా ఇదెందుకు?

నిజమే, మన ఇళ్లలో రోలు అంటే నల్లరాయే. పప్పు రుబ్బాలన్నా, గోంగూర పచ్చడి నూరాలన్నా దానికి సాటి లేదు. కానీ అపార్ట్‌మెంట్ వంటింట్లో అంత బరువు పెట్టుకోవడం అందరికీ కుదరదు. రోజూ కావాల్సింది నాలుగు మిరియాలు, రెండు యాలకులు, కాస్త అల్లం వెల్లుల్లి. దానికి గట్టు మీద ఓ మూల కూర్చునే చిన్న రోలు చాలు.

మరి ఏ పదార్థంతో చేసింది కొనాలి? ఇక్కడే చాలామంది పొరబడతారు. పాలరాయి చూడ్డానికి తెల్లగా బాగుంటుంది కానీ దానికి పులుపు పడదు. పాలరాయిలో ఉండేది కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, చింతపండు తగిలితే మెల్లగా కరుగుతుంది, నునుపు పోయి గరుకు మచ్చలు పడతాయి. ఇత్తడిలో పులుపు పదార్థాలు ఉంచితే రుచి మారిపోతుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చారు కాచకూడదని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. ఇనుము తుప్పు పడుతుంది. చెక్క నూనెను, వాసనను పీల్చుకుంటుంది.

బాగా కాల్చిన సిరామిక్‌కు ఈ ఇబ్బందులు లేవు. పులుపుతో కలవదు, తుప్పు పట్టదు, వాసన పట్టుకోదు. మీరు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చూసిన తెల్లటి పింగాణీ కల్వం గుర్తుందా? దాన్ని పింగాణీతో చేసేది కూడా ఇందుకే. ఇందులో నూరిన పదార్థానికి ఇంకేదీ కలవకూడదు.

ఇక మిక్సీ ఉండగా రోలు దేనికి అని అడిగేవాళ్లూ ఉంటారు. మిక్సీ బ్లేడు పదార్థాన్ని ముక్కలుగా కోస్తుంది. రోలు నలుపుతుంది. వెల్లుల్లి రెబ్బ నలిగినప్పుడు అందులో విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి అల్లిసిన్ పుడుతుంది. ఆ ఘాటు వాసన దానిదే. పైగా నాలుగు మిరియాలు మిక్సీలో వేస్తే గిర్రున తిరుగుతాయి తప్ప సరిగా నలగవు. చిన్న రోలు అవసరం అక్కడే తెలుస్తుంది.

కుండ మట్టితో రోలు చేయొచ్చా?

ఇది చాలామందికి వచ్చే మొదటి డౌట్. మన ఊళ్లలో కుమ్మరులు అద్భుతంగా కుండలు చేస్తారు కదా, అదే మట్టితో రోలు చేస్తే పోలా? చేయొచ్చు.. కానీ వంటకు పనికిరాదు. ఎందుకో అర్థం కావాలంటే ఎండాకాలం మట్టికుండను గుర్తు తెచ్చుకోండి.

కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ గోడ నిండా కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు బయటికి చెమర్చి ఆవిరవుతుంది. ఆ ఆవిరి వేడిని లాగేసుకుంటుంది, లోపలి నీళ్లు చల్లబడతాయి. కుండకు వరమైన ఆ రంధ్రాలే రోలుకు శాపం. అల్లం రసం, పసుపు, నూనె అన్నీ వాటిలోకి దిగిపోతాయి. ఎంత కడిగినా పోవు. తడి నిలిచి బూజు పడుతుంది. పైగా తక్కువ వేడిలో కాలిన మట్టి మెత్తగా ఉంటుంది కాబట్టి దంచేకొద్దీ ఎర్రటి పొడి రాలి తిండిలో కలుస్తుంది.

పోనీ అదే ఎర్రమట్టిని ఇంకా ఎక్కువ కాలిస్తే గట్టిపడదా? దానికీ హద్దు ఉంది. ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. 1,200 డిగ్రీల దాకా తీసుకెళితే చాలా రకాల ఎర్రమట్టి గట్టిపడటం మానేసి ఉబ్బుతుంది, లేదా ఆకారం కోల్పోయి కూలబడుతుంది.

అందుకే రోలుకు వాడేది వేరే జాతి మట్టి. ఆ జాతి మనకు కొత్తదేం కాదు. ఆవకాయ జాడీ ఉంది కదా.. అదే! ఏడాది పొడవునా ఉప్పు, కారం, నూనె, పులుపు అన్నీ భరిస్తూ చుక్క కూడా చెమర్చకుండా ఉండే ఆ జాడీని స్టోన్‌వేర్ అంటారు. పేరుకు తగ్గట్టే కాలిన తర్వాత రాయిలా మారుతుంది. మనం చెప్పుకునే రోలు కూడా ఆ కుటుంబానిదే.

మట్టిలో ఏముంటుంది?

స్టోన్‌వేర్ మట్టి నేరుగా చెరువులోంచి తీసుకొచ్చేది కాదు. కొన్ని పదార్థాలు కలిపి తయారుచేస్తారు. అందులో ముఖ్యంగా ఉండేవి ఇవి..

* సాగే గుణం ఉన్న బంకమట్టి, చైనా క్లే: చేతికి వంగి ఆకారం ఇచ్చేవి ఇవే.
* క్వార్ట్జ్: ఇది ఎముకల గూడు లాంటిది. వేడిలో ఆకారం నిలబెడుతుంది.
* ఫెల్డ్‌స్పార్: ఎక్కువ వేడిలో కరిగి గాజులా మారి, రంధ్రాలను పూడ్చేస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, రాజస్థాన్‌లలో దీని గనులున్నాయి.
* గ్రాగ్: అంటే ముందే కాల్చి పొడి చేసిన మట్టి. గోడ మందంగా ఉండే వస్తువులు పగలకుండా ఆరడానికి ఇది బాగా సాయపడుతుంది.

రోలుకు సన్నటి గ్రాగ్ కలిసిన మట్టి మంచిది. మరీ ముతక గ్రాగ్ అయితే నూరేటప్పుడు రవ్వలు ఊడి వచ్చే ప్రమాదం ఉంటుంది.

ముందు లెక్క.. తర్వాతే చక్రం

మట్టి ఆరేటప్పుడు కుదించుకుపోతుంది. కాలేటప్పుడు మళ్లీ కుదించుకుపోతుంది. స్టోన్‌వేర్ అయితే రెండూ కలిపి దాదాపు 12 శాతం తగ్గడం మామూలే. ఈ లెక్క వేసుకోకపోతే అరచేతికి పట్టేంత రోలు అనుకున్నది బొమ్మరిల్లు సామానులా తయారవుతుంది.

లెక్క చాలా ఈజీ. మట్టితో ఓ పట్టీ చేసి, దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి పూర్తిగా కాల్చి చూడాలి. గీత 8.8 సెంటీమీటర్లకు తగ్గితే 12 శాతం కుదించినట్టు. ఇప్పుడు 12 సెంటీమీటర్ల వెడల్పు రోలు కావాలంటే 12ను 0.88తో భాగించాలి. అంటే చక్రం మీద 13.6 సెంటీమీటర్లు చేయాలి. రోకలికీ ఇదే లెక్క. రెండూ ఒకే మట్టితో చేయాలి అనేది అందుకే. వేర్వేరు మట్టి అయితే రెండూ వేర్వేరుగా కుదించుకుపోయి ఒకదానికొకటి సరిపోవు.

చక్రం మీద అసలు పని

మొదట మట్టిని గట్టు మీద వేసి చపాతీ పిండిలా బాగా పిసకాలి. దీన్ని స్టూడియోల్లో వెడ్జింగ్ అంటారు. మన కుమ్మరులు కాళ్లతో తొక్కేది కూడా ఇందుకే. లోపల గాలి బుడగలు పోవాలి, తడి అంతా ఒకేలా ఉండాలి. పిడికిట్లో పట్టే చిన్న రోలుకు కిలోన్నర దాకా మట్టి పడుతుంది. అదే మట్టితో రెండు మూడు అన్నం గిన్నెలు చేయొచ్చు. రోలు ఎంత మందంగా ఉండాలో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

గిన్నె చేసేటప్పుడు గోడను వీలైనంత పల్చగా లాగడం పనితనం. రోలు విషయంలో అది రివర్స్. గోడ ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లు, అడుగు అంతకంటే కాస్త మందంగా ఉండాలి. దెబ్బలన్నీ తినేది అడుగే కదా. పీట వెడల్పుగా ఉంటే నూరేటప్పుడు పక్కకు ఒరగదు.

లోపలి వంపు అన్నిటికన్నా ముఖ్యం. అడుగుకీ గోడకీ మధ్య మూల అనేదే ఉండకూడదు. కొబ్బరి చిప్పలా గుండ్రంగా సాగాలి. మూల ఉంటే మిరియం గింజ అక్కడే దాక్కుంటుంది, రోకలికి అందదు. పులుపు కూడా అక్కడే నిలిచి కడగడానికి ఇబ్బంది అవుతుంది. ఇంకో కిటుకు.. అడుగు భాగాన్ని చక్రం మీద ఉండగానే బాగా నొక్కి గట్టి చేయాలి. అలా నొక్కకపోతే ఆరేటప్పుడు అడుగున ఎస్ ఆకారంలో పగులు వస్తుంది. చక్రం నేర్చుకునేవాళ్లను బాగా ఏడిపించే పగులు ఇదే.

చక్రం లేనివాళ్లు కూడా చేయొచ్చు. మట్టి ముద్దలో బొటనవేలు దింపి గోడలు నొక్కుకుంటూ రావడం ఓ పద్ధతి. గుండ్రటి గిన్నెలో పల్చటి గుడ్డ పరిచి, దానిలో మందపాటి మట్టి పలక ఒత్తి ఆకారం తేవడం ఇంకో పద్ధతి. టైమ్ ఎక్కువ పడుతుంది కానీ రోలు గట్టిదనంలో తేడా ఉండదు.

లోపల నునుపు కాదు.. గరుకు కావాలి

ఒకట్రెండు రోజులు ఆరాక మట్టి తోలులా గట్టిపడుతుంది. దీన్నే లెదర్‌హార్డ్ అంటారు. గోరు గుచ్చితే గుర్తు పడుతుంది కానీ ఆకారం మారదు. ఈ దశలో రోలును బోర్లించి పీట చెక్కుతారు. లోపల గరుకు గీతలు పెట్టేది కూడా ఇప్పుడే.

ఈ గీతల్లో అందరికంటే ముందున్నది జపాన్. అక్కడి సంప్రదాయ రోలును సురిబాచి అంటారు. దువ్వెన లాంటి పనిముట్టుతో లోపలంతా సన్నటి గీతలు గీస్తారు. బయట మెరుపు పూత ఉంటుంది, లోపల మాత్రం ఉండదు. దాని రోకలి చెక్కతో చేసింది. పేరు సురికోగి. నువ్వులు వేసి తిప్పితే గీతల మధ్య ఇరుక్కుని చక్కగా నలుగుతాయి. అందులో దంచరు, తిప్పి నూరతారు. అందుకే గోడ అంత మందం లేకపోయినా నడుస్తుంది.

మనవాళ్ల అలవాటు వేరు. ముందు రెండు దెబ్బలు దంచి, తర్వాత తిప్పి నూరుతాం. దానికి లోతైన గీతలు పనికిరావు. పచ్చిమిర్చి గింజలు, వెల్లుల్లి పీచు వాటిలో ఇరుక్కుంటే తీయడం నరకం. పైపైన పడీ పడనట్టు గీతలు, లేదా తడి స్పాంజితో తుడిచి మట్టిలోని సన్నటి ఇసుక పైకి తేలేలా చేసిన గరుకు చాలు.

రోకలి.. చిన్నదే కానీ సతాయిస్తుంది

చూడ్డానికి చిన్న కర్రలా ఉంటుంది కానీ పగుళ్లు ఎక్కువగా వచ్చేది రోకలికే. నిండుగా నాలుగైదు సెంటీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి పైన ఆరినా లోపల తడి ఉండిపోతుంది. కొందరు లోపల బోలుగా చేస్తారు. అలా చేస్తే ఎక్కడో ఓ చోట సూది బెజ్జం తప్పనిసరి. లోపలి తడి, గాలి బయటికి పోవాలి మరి.

తల భాగం వంపు రోలు లోపలి వంపు కంటే కొంచెం ఎక్కువ గుండ్రంగా ఉండాలి. బల్లపరుపుగా ఉంటే అంచు మాత్రమే తగులుతుంది, నలగదు. మరీ కోసుగా ఉంటే ఒక్క చుక్క మీదే బరువంతా పడి రోలు అడుగు దెబ్బతింటుంది. 12 సెంటీమీటర్ల రోలుకు తల వెడల్పు నాలుగు, నాలుగున్నర సెంటీమీటర్లు బాగుంటుంది. పొడవు రోలు లోతు కంటే బాగా ఎక్కువ ఉండాలి. లేకపోతే వేళ్లు అంచుకు కొట్టుకుంటాయి.

ఆరబెట్టడం: ఓపికకు పరీక్ష

రీల్స్‌లో కనిపించనిది ఇదే. రోలు రెండు మూడు వారాలు నీడలోనే ఆరాలి. ఎండలో పెట్టకూడదు, ఫ్యాన్ కింద పెట్టకూడదు. అంచు పల్చగా ఉంటుంది కాబట్టి ముందు ఆరి కుదించుకుంటుంది. అడుగు ఇంకా తడిగానే ఉంటుంది. ఆ రెండింటి గుంజులాటలో పగులు వస్తుంది. అందుకే మొదటి వారం ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పి, అంచును విడిగా తడి గుడ్డతో చుట్టి, రోజూ తిప్పి పెడతారు.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా నీరుంది. కచ్చితంగా కావాలంటే రోజూ తూకం వేయాలి. వరుసగా మూడు రోజులు బరువు మారకపోతే ఆరినట్టే.

మొదటి కాల్పు: తొందరపడితే పేలుడే

ఇంకా తడి ఉన్న రోలును గబగబా వేడి చేస్తే ఏమవుతుంది? 100 డిగ్రీలు దాటగానే లోపలి నీరు ఆవిరవుతుంది. మందపాటి గోడలోంచి ఆవిరి బయటికి వచ్చే దారి దొరకదు. అంతే, రోలు బట్టీలోనే పేలిపోతుంది. పక్కనున్న వాటిని కూడా పగలగొడుతుంది. అందుకే రాత్రంతా 80–90 డిగ్రీల దగ్గర ఉంచి, తర్వాత నెమ్మదిగా పెంచుతారు.

దాదాపు 450 నుంచి 600 డిగ్రీల మధ్య ఇంకో రకం నీరు పోతుంది. అది తడి కాదు, మట్టి అణువుల్లోనే కలిసిపోయి ఉన్న నీరు. అది పోయాక మట్టి మళ్లీ ఎప్పటికీ బురద కాదు. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ రేణువులు ఒక్కసారిగా ఉబ్బుతాయి. చల్లారేటప్పుడు అదే చోట మళ్లీ కుదించుకుంటాయి. మందపాటి వస్తువులకు ఇది గండం లాంటిది. వేడి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కూడా ఆ చోట నెమ్మదిగానే వెళ్లాలి.

ఈ మొదటి కాల్పును బిస్క్ అంటారు. 950 నుంచి 1,000 డిగ్రీల వరకు వెళ్తుంది. బయటికి తీశాక రోలు గట్టిగానే ఉంటుంది కానీ ఇంకా నీళ్లు పీలుస్తుంది. పూత పట్టాలంటే ఆ పీల్చే గుణం కావాలి.

మెరుపు పూత: ఇక్కడే జాగ్రత్త!

గ్లేజు అంటే రంగు కాదు. అది మట్టి మీద కరిగి పరుచుకునే పల్చటి గాజు పొర. గాజు కరగాలంటే సిలికా కావాలి, దాన్ని తక్కువ వేడికే కరిగించే పదార్థం ఇంకొకటి కావాలి. వందల ఏళ్ల పాటు ఆ పనికి సీసం వాడారు. చవక, తక్కువ వేడికే కరుగుతుంది, అద్దంలా మెరుస్తుంది. కానీ సీసం విషం. రక్తంలో ఎంత తక్కువ సీసం ఉన్నా అది సురక్షితం అని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడు ఎదుగుదలను ఇది దెబ్బతీస్తుంది. కొన్ని ఎరుపు, పసుపు రంగుల్లో వాడే కాడ్మియంతోనూ ప్రమాదమే.

ప్లేటు కంటే రోలు విషయంలో ఎందుకు ఎక్కువ జాగ్రత్త కావాలి? రెండు కారణాలు. ఒకటి, మన పచ్చళ్లలో చింతపండు, నిమ్మ, మామిడి ఉంటాయి. పులుపు తగిలితే సరిగా కుదరని గ్లేజులోంచి లోహాలు బయటికి వస్తాయి. రెండు, రోలులో రోజూ రాపిడి. నూరిన ప్రతిసారీ పూత కొంచెం కొంచెం అరుగుతుంది. అరిగింది ఎక్కడికి పోతుంది? పచ్చడిలోకే.

అందుకే సరైన పద్ధతి ఏంటంటే.. లోపల, రోకలి తలకు అసలు గ్లేజు వేయకూడదు. బయట, రోకలి పట్టుకునే చోట మాత్రమే వేయాలి. అదీ సీసం లేని గ్లేజు అయి ఉండాలి. గ్లేజు వేయకపోతే లోపల నీరు పీల్చదా అంటారా? పీల్చదు. రెండో కాల్పులో మట్టే గట్టిపడి రంధ్రాలు మూసుకుంటాయి. ఇంకో లాభం కూడా ఉంది. నున్నటి గ్లేజు మీద మిరియాలు జారిపోతాయి. గ్లేజు లేని గరుకు మీద పట్టు దొరుకుతుంది.

రెండో కాల్పు: మట్టి రాయిగా మారే ఘట్టం

ఇప్పుడు బట్టీ 1,220 నుంచి 1,290 డిగ్రీల దాకా వెళ్తుంది. స్టూడియోల్లో దీన్ని కోన్ 6, కోన్ 10 అని లెక్కిస్తారు. కోన్ అంటే చిన్న మట్టి ముక్క. నిర్ణీత వేడి తగలగానే మెత్తబడి వంగుతుంది. మీటర్ ఎంత చూపించినా, లోపలి వస్తువుకు ఎంత వేడి ఎక్కిందో నమ్మకంగా చెప్పేది అదే.

ఈ వేడిలో ఫెల్డ్‌స్పార్ కరిగి, క్వార్ట్జ్, మట్టి రేణువుల మధ్య ఖాళీల్లోకి పాకుతుంది. చల్లారాక అంతా కలిసి ఒకే రాయిలా అవుతుంది. పీట కింద గ్లేజు తుడిచేయకపోతే అది కరిగి బట్టీ అరకు అతుక్కుపోతుంది. రోకలిని గ్లేజు లేని తల కిందికి వచ్చేలా, చిన్న మట్టి చుట్ట మీద నిలబెడతారు. కాల్చిన తర్వాత కూడా తొందరపడకూడదు. 100 డిగ్రీల లోపు దిగేదాకా మూత తీయకూడదు. చల్లగాలి తగిలితే టప్పున శబ్దం వస్తుంది, నెల రోజుల కష్టం పోతుంది.

ఇంట్లోనే చేసుకునే మూడు టెస్టులు

1. తూకం టెస్ట్: పూర్తిగా ఆరిన రోలును తూచండి. రాత్రంతా నీళ్లలో ఉంచి, తుడిచి మళ్లీ తూచండి. 800 గ్రాములది 808 అయితే ఒక శాతం నీరు పీల్చినట్టు. ఒకటి రెండు శాతం లోపు ఉంటే ఓకే. 840 అయిందంటే ఐదు శాతం. అది సరిగా కాలలేదు, వంటకు వద్దు.
2. శబ్దం టెస్ట్: వేలి కణుపుతో తట్టండి. ఖంగుమని మోగితే మంచిది. డొల్లగా, బొంగురుగా వినిపిస్తే కంటికి కనిపించని పగులు ఉండొచ్చు. ఆవకాయ జాడీ కొనేటప్పుడు పెద్దవాళ్లు తట్టి చూసేది ఇదే.
3. నిమ్మకాయ టెస్ట్: గ్లేజు ఉన్న చోట నిమ్మచెక్క రాత్రంతా పెట్టండి. పొద్దున అక్కడ రంగు, మెరుపు మారితే ఆ గ్లేజు బలహీనమైనది. అయితే ఒక్క మాట.. నిమ్మకాయ టెస్ట్‌లో పాసైనంత మాత్రాన సీసం లేదని కాదు. అది చెప్పగలిగేది ల్యాబ్ మాత్రమే. అక్కడ 4 శాతం అసిటిక్ యాసిడ్‌లో 24 గంటలు ఉంచి, ఎంత సీసం, కాడ్మియం బయటికి వచ్చిందో కొలుస్తారు.

కొత్త రోలు తెచ్చాక ఏం చేయాలి?

ముందు వేడినీళ్లతో కడిగి ఆరనివ్వండి. తర్వాత గుప్పెడు బియ్యం వేసి నూరండి. పిండి బూడిద రంగులో వస్తే పారేసి మళ్లీ నూరండి. తెల్లగా వచ్చేదాకా రెండు మూడుసార్లు చేయాలి. చివరగా కాస్త ఉప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలు నూరి పారేసి కడిగితే రోలు రెడీ.

ఏం నూరొచ్చు? మిరియాలు, జీలకర్ర, యాలకులు, లవంగాలు, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఎల్లిపాయ కారం, వేయించిన పల్లీలు. ఏం వద్దు? ఎండు పసుపు కొమ్ములు, శొంఠి, గట్టి బెల్లం గడ్డలు. వాటికి రాతి రోలో, ఇనుప రోలో ఉండాలి. సిరామిక్ నొక్కుడును తట్టుకుంటుంది కానీ దెబ్బకు పెళుసు. రోకలిని పై నుంచి ఎత్తి కొట్టకండి. నొక్కి తిప్పండి. అంచుకు తగిలించకండి. కింద తడి గుడ్డ మడతపెట్టి వేస్తే రోలు జారదు, గట్టుకు దెబ్బ తగలదు. స్టవ్ మీద పెట్టడం, ఫ్రిజ్‌లోంచి తీయగానే వేడినీళ్లు పోయడం అస్సలు వద్దు. చిన్న పగులు కనిపించినా వంటకు వాడటం ఆపేయండి. పచ్చిమిర్చి మొక్క నాటుకోవడానికి పనికొస్తుంది!

మందుల షాపు నుంచి వంటింటికి

సిరామిక్ కల్వానికి పేరు తెచ్చింది వంటవాళ్లు కాదు, మందులవాళ్లు. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌కు చెందిన జోసయ్యా వెడ్జ్‌వుడ్ (1730–1795) మందుల తయారీదారులు, శాస్త్రవేత్తల కోసం చాలా గట్టి సిరామిక్ కల్వాలు చేయించాడు. అంతకుముందు ఎక్కువగా వాడిన లోహపు కల్వాల్లో యాసిడ్లు నూరితే లోహం మందులో కలిసేది. ఆ సమస్యకు ఇది జవాబు. ఈ వెడ్జ్‌వుడ్ ఎవరో కాదు, చార్లెస్ డార్విన్‌కు తల్లి వైపు తాత.

మన దగ్గర యూపీలోని ఖుర్జా సిరామిక్ పాత్రలకు పెట్టింది పేరు. దక్షిణాదిలో చేతి స్టోన్‌వేర్‌కు దారి వేసింది పుదుచ్చేరి. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. అక్కడ నేర్చుకున్నవాళ్లు దేశంలో చాలాచోట్ల సొంతంగా పని చేస్తున్నారు.

నేర్చుకోవాలంటే?

ఇంట్లో 1,200 డిగ్రీల బట్టీ పెట్టుకోవడం అందరికీ కుదరదు. హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లో పాటరీ స్టూడియోలు క్లాసులు చెబుతాయి. కొన్ని చోట్ల మీరు చేసిన వస్తువును ఫీజు తీసుకుని కాల్చి ఇస్తారు. వెళ్లేముందు మీ మట్టి ఎంత వేడిది, వాళ్ల బట్టీ ఎంత వేడికి వెళ్తుంది అన్నది తప్పక అడగండి. రెండూ కలవకపోతే రోలు పాడవడమే కాదు, బట్టీ కూడా పాడవుతుంది.

ఇంకో జాగ్రత్త.. ఎండిన మట్టి ధూళిలో సన్నటి సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. అందుకే మట్టి పని చేసిన చోట పొడి చీపురుతో ఊడ్వకూడదు. తడి గుడ్డతో తుడవాలి. కాలిన రోలును రుద్ది నునుపు చేసేటప్పుడు కూడా నీళ్లు పోసుకుంటూనే రుద్దాలి.

కొనేముందు ఒక్క నిమిషం

* లోపల గ్లేజు ఉందా? అద్దంలా మెరుస్తుంటే అది షోకేస్ కోసం, వంట కోసం కాదు.
* అమ్మేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. ఎంత వేడిలో కాల్చారు? గ్లేజులో సీసం, కాడ్మియం లేవని టెస్ట్ చేయించారా? చేసినవాళ్లకైతే ఈ జవాబులు తెలిసే ఉంటాయి.
* చేతిలోకి తీసుకోండి. సైజుకు తగ్గ బరువు ఉండాలి. తేలిగ్గా ఉంటే గోడ పల్చనైనట్టే.
* రోకలిని లోపల తిప్పి చూడండి. అడుగు నుంచి గోడ దాకా ఎక్కడా ఎగరకుండా తగులుతూ సాగాలి.
* తట్టి చూడండి. మోగాలి.

చేతితో చేసిన సిరామిక్ రోలు ధర చూసి చాలామంది ఇంత చిన్నదానికి అంతా అని అడుగుతుంటారు. మూడు గిన్నెల మట్టి, మూడు వారాల ఆరబెట్టడం, రెండు కాల్పులు, మధ్యలో పగిలిపోయినవాటి నష్టం.. ఆ ధరలో ఇవన్నీ ఉంటాయి. సరిగా కాలిన రోలు ఒకటి ఇంట్లో ఉంటే, కింద పడేయనంత వరకు ఏళ్ల తరబడి పనిచేస్తుంది. తక్కువ ధరకు దొరికిన రంగురంగుల రోలు అయితే మాత్రం, అందులో పిల్లలకు పెట్టే పచ్చడి నూరేముందు ఇంకోసారి ఆలోచించండి.